ఎత్తు లెక్క, వేడి లెక్క

పటం మీద చూస్తే మాన్స్‌ఫీల్డ్ ఊరి నుంచి ది బ్లఫ్ అనే కొండకు జానెడు దూరం కూడా ఉండదు. మెల్బోర్న్ నుంచి మాన్స్‌ఫీల్డ్‌కు తారు రోడ్డు మీద రెండున్నర గంటల్లో చేరినవాళ్ళు, మిగిలిన ఈ కాస్త దూరానికి ఎంతసేపులే అనుకుంటారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా హై కంట్రీకి మొదటిసారి బయల్దేరేవాళ్ళ అంచనా తప్పేది ఇక్కడే. మైదానంలో ప్రయాణాన్ని కిలోమీటర్లతో కొలుస్తాం. కొండల్లో ఎత్తుతో కొలవాలి. ఎత్తు మారినప్పుడల్లా గాలి చల్లదనం, నీరు మరిగే వేడి, టైర్లలో పీడనం, బ్రేకుల మీద భారం, మన ఒంట్లోంచి పోయే వేడి, అన్నీ మారిపోతాయి. పటంలో గోధుమరంగు కాంటూరు గీతలు ఎక్కడ దగ్గరదగ్గరగా ముసురుకున్నాయో చూసి అక్కడ ఎంత సమయం పడుతుందో, ఎంత వేడి ఖర్చవుతుందో ముందే రాసుకున్నవాళ్ళు ఈ కొండల్లో సుఖంగా తిరుగుతారు.

2021 జనగణన నాటికి ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు దాదాపు 60 వేల మంది. వాళ్ళలో చాలామంది మెల్బోర్న్ చుట్టుపక్కలే ఉంటున్నారు. కారెక్కితే పూట తిరగకుండా చేరగల ఈ హై కంట్రీ కొండలు, అంటే ఆస్ట్రేలియన్ ఆల్ప్స్, వాళ్ళకు పొరుగే. అందుకే వాళ్ళను మనసులో పెట్టుకుని ఒక నాలుగు రోజుల యాత్రను లెక్క కట్టి చూద్దాం. మొదటి రాత్రి హౌక్వా నది ఒడ్డున షీప్‌యార్డ్ ఫ్లాట్‌లో గుడారం. రెండో రోజు ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలో కొండ గట్టు ఎక్కి, కాలినడకన ది బ్లఫ్ శిఖరం చూసి, లవిక్స్ హట్ దగ్గర మకాం. మూడో రోజు కింగ్ బిల్లీ వైపు నుంచి మౌంట్ మాగ్డలా మీదుగా మౌంట్ హోవిట్ దిశగా నడక. నాలుగో రోజు సర్క్యూట్ రోడ్ మీదుగా క్రెయిగ్స్ హట్ చూసి ఇంటిదారి.

ఎత్తుకు, చలికి ఉన్న సంబంధంతో మొదలుపెడదాం. గాలి పైకి పోయేకొద్దీ దాని మీద పీడనం తగ్గుతుంది. పీడనం తగ్గిన గాలి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించడానికి కావలసిన శక్తిని తనలోని వేడిలోంచే తీసుకుంటుంది కనక చల్లబడుతుంది. సగటున కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీల లెక్కన ఉష్ణోగ్రత పడిపోతుంది. షీప్‌యార్డ్ ఫ్లాట్ సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. ది బ్లఫ్ 1,700 మీటర్లు దాటుతుంది. తేడా 1,200 మీటర్లు, అంటే ఎనిమిది డిగ్రీలు. నది ఒడ్డున 20 డిగ్రీలున్న హాయైన ఉదయాన శిఖరం మీద 12 ఉంటుంది. దానికి గంటకు 50 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి 8 డిగ్రీల్లా తగులుతుంది. ఇంకా వాన చినుకే పడలేదు!

ఇక్కడ మనవాళ్ళకు ఒక సందేహం రావాలి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో జిందగడ శిఖరం కూడా దాదాపు 1,690 మీటర్ల ఎత్తే కదా, మరి అక్కడ మంచు ఎందుకు కురవదు? జవాబు అక్షాంశంలో ఉంది. జిందగడ భూమధ్యరేఖకు 18 డిగ్రీల దూరంలో ఉంటే, ది బ్లఫ్ 37 డిగ్రీల అవతల ఉంది. అక్కడి నడి చలికాలంలో, అంటే జూన్ నెలలో, మధ్యాహ్నం సూర్యుడు దిగంతం నుంచి 29 డిగ్రీల పైకే వస్తాడు. మన డిసెంబరులో జిందగడ మీద 48 డిగ్రీల పైకి వస్తాడు. కిరణాలు ఎంత ఏటవాలుగా పడితే అదే వెలుగు అంత ఎక్కువ నేల మీద పరుచుకుంటుంది. ఈ కోణాలతో లెక్కేస్తే చదరపు మీటరు నేలకు అందే ఎండ మన కొండ మీదికంటే అక్కడ మూడో వంతు తక్కువ. పైగా దక్షిణాన టాస్మేనియా తప్ప అంటార్కిటికా దాకా అంతా సముద్రమే. అక్కడి నుంచి వచ్చే చల్లగాలిని ఆపేది ఏదీ లేదు.

ఆ చల్లగాలి వచ్చే తీరు తెలుసుకోవడం యాత్ర పథకంలో అన్నిటికన్నా ముఖ్యం. వేసవిలో ఒక రోజు ఖండం మధ్య ఎడారి మీదుగా ఉత్తరపు గాలి వీస్తుంది. పొడిగా, వేడిగా, ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది. ఆ రోజు కొండ మీద చొక్కా చేతులు మడుచుకుని తిరుగుతారు. వెనకాలే నైరుతి నుంచి శీతల వాతావరణ ముఖం తోసుకొస్తుంది. బరువైన చల్లగాలి తేలికైన వేడిగాలి కిందికి చీలలా చొచ్చుకుపోయి దాన్ని పైకి లేపేస్తుంది. గాలి ఒక్కసారిగా దిశ మార్చుకుంటుంది. కొద్ది గంటల్లో 15 నుంచి 20 డిగ్రీలు పడిపోవడం అక్కడ మామూలు విషయం. నడి వేసవి అయిన డిసెంబరు, జనవరి నెలల్లో కూడా ఈ శిఖరాల మీద మంచు కురిసిన సందర్భాలున్నాయి. అందువల్ల వాతావరణ సూచన చూసేటప్పుడు 'గరిష్ఠం ఎంత' అని చూసి ఊరుకోకండి. గాలి మార్పు ఏ గంటకు వస్తుందంటున్నారు, మంచు ఎంత ఎత్తు దాకా పడవచ్చంటున్నారు అన్న రెండు వివరాలూ చూడాలి. ఆస్ట్రేలియా వాతావరణ శాఖ ఆల్ప్స్ కోసం విడిగా సూచనలిస్తుంది. నడక రోజున గాలి మార్పు మధ్యాహ్నం రెండింటికి ఉందంటే పన్నెండింటికల్లా గట్టు దిగి ఉండాలి. ఆ గంటను ఇంట్లో ఉండగానే కాగితం మీద రాసుకోవాలి. శిఖరం కళ్ళ ముందు కనిపిస్తుంటే అప్పటికప్పుడు వెనక్కి తిరిగే నిర్ణయం తీసుకోవడం ఎవరికైనా కష్టమే.

రాత్రిపూట ఈ ఎత్తు లెక్క తలకిందులవుతుంది. ఆకాశం నిర్మలంగా, గాలి స్తబ్ధుగా ఉన్న రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను తాకిన గాలి చల్లబడి, బరువెక్కి, నీరులాగే పల్లానికి జారి లోయ అడుగున మడుగు కడుతుంది. తెల్లవారుజామున లోయ అడుగు దాని పక్క వాలు కంటే చల్లగా ఉంటుంది. ఈ ఆల్ప్స్‌లో కొన్ని లోయల అడుగున ఒక్క చెట్టూ ఉండదు, గడ్డి మాత్రమే. వాలు మీద కాస్త పైకి వెళితే చెట్లు మొదలవుతాయి. చలి మడుగులో మొక్కలు మాడిపోబట్టి చెట్ల సరిహద్దు అలా తిరగబడింది. గుడారం ఎక్కడ వేసుకోవాలో ఆ చెట్లను చూసి నేర్చుకోవచ్చు. లోయ అడుగు నుంచి పది ఇరవై మీటర్లు పైకి జరిగినా రాత్రి తేడా తెలుస్తుంది.

ఎప్పుడు వెళ్ళాలి

జూన్ రెండో వారంలో వచ్చే రాజు పుట్టినరోజు సెలవుల తరవాత నుంచి అక్టోబరు చివరి దాకా ఈ కొండల్లో చాలా ఫోర్‌వీల్ బాటలకు గేట్లు వేసేస్తారు. మంచు వల్ల అనుకుంటారు గానీ అసలు సంగతి నేల. చలికాలమంతా నీరు తాగిన మట్టిలో రేణువుల మధ్య పట్టు సడలిపోతుంది. ఒక్క బండి వెళితే చాళ్ళు పడతాయి. తరవాతి వాన ఆ చాళ్ళ వెంట కాలవ కడుతుంది. రెండేళ్ళలో బాట కాస్తా వాగు అవుతుంది, ఆ మట్టంతా హౌక్వా లాంటి నదుల్లోకి చేరుతుంది. గేటు తాళం వేసి ఉంటే పక్కనుంచి దారి చేసుకుపోవడం ఈ కొండకు చేసే ద్రోహం.

గేట్లు తీశాక నవంబరులో నదులు ఇంకా ఉరవడిగా ఉంటాయి. జనవరి, ఫిబ్రవరి కార్చిచ్చుల కాలం. నా సలహా మార్చి. ఎండ మెత్తబడుతుంది, నదులు పలచబడతాయి, ఈగల బెడద తగ్గుతుంది. అయితే మార్చిలో కూడా ఏ రోజైనా 'టోటల్ ఫైర్ బ్యాన్' ప్రకటిస్తే నెగడు వేసుకోవడానికి వీల్లేదు. మంటల హెచ్చరికలు పంపే 'విక్ ఎమర్జెన్సీ' యాప్ ఫోనులో ఉండాలి. బయల్దేరే ఉదయం రాష్ట్ర పార్కులను చూసుకునే పార్క్స్ విక్టోరియా వాళ్ళ పేజీలో ఏ బాట మూసి ఉందో చూసుకోవాలి.

కార్చిచ్చు ఇక్కడి అడవిని ఎలా మార్చిందో బండి కిటికీలోంచే కనబడుతుంది. కింద నది పక్కన రకరకాల యూకలిప్టస్ చెట్లుంటాయి. 900 మీటర్లు దాటాక ఆల్పైన్ యాష్ మొదలవుతుంది: నిలువుగా, ధ్వజస్తంభాల్లా ఒకే వయసు మానులు. 1,400 మీటర్ల పైన స్నో గమ్ వస్తుంది: పొట్టిగా, మెలికలు తిరిగి, బెరడు మీద ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు చారలతో. చెట్టును గుర్తుపడితే మీటరు చూడకుండానే ఎత్తు తెలిసిపోతుంది. 2003లో ఒకసారి, 2006-07లో ఇంకోసారి విక్టోరియా కొండల్లో పది లక్షల హెక్టార్లకు పైగా కాలిపోయింది. స్నో గమ్ కాలినా నేలలో ఉన్న బుడిపె నుంచి మళ్ళీ చిగురిస్తుంది. ఆల్పైన్ యాష్ అలా చిగురించలేదు. తల్లి చెట్టు చచ్చిపోతూ రాల్చిన గింజలే దానికి గతి. ఆ గింజల నుంచి లేచిన మొక్క మళ్ళీ సరిపడా గింజలు కాయడానికి దాదాపు ఇరవయ్యేళ్ళు కావాలి. ఈలోపే ఇంకో మంట వస్తే ఆ వాలు మీద అడవి వంశమే ఆగిపోతుంది. అలా ఆగిపోయిన చోట్ల హెలికాప్టర్లతో గింజలు చల్లుతున్నారు. గట్టు పొడుగునా వెండి రంగులో నిలబడ్డ మోళ్ళు కనబడితే వాటి అందం ఫోటోలో చూసుకోండి, కింద మాత్రం గుడారం వెయ్యకండి. ఎండిన కొమ్మ విరగడానికి గాలి కూడా అక్కర్లేదు.

బండి

ఎస్‌యూవీ అన్న పేరున్న ప్రతి బండీ ఈ బాటలకు పనికిరాదు. నాలుగు చక్రాలకూ శక్తి అందడం ఒక్కటే చాలదు, లో-రేంజ్ గేరు ఉండాలి. చక్రాలు తిరిగే వేగాన్ని మామూలు గేరు కంటే ఇంచుమించు రెండున్నర రెట్లు తగ్గించి, అంతే మేరకు తిప్పే బలాన్ని పెంచుతుంది ఈ గేరు. ఎక్కేటప్పుడు దాని విలువ అందరికీ తెలుస్తుంది. దిగేటప్పుడు దాని విలువ ప్రాణంతో సమానం.

ఎందుకో లెక్క వేద్దాం. సామానుతో కలిపి రెండున్నర టన్నుల బండి వెయ్యి మీటర్లు కిందికి దిగితే 2 కోట్ల 45 లక్షల జౌళ్ళ స్థితిశక్తి వేడిగా మారాలి. తొమ్మిది లీటర్ల చల్లటి నీటిని మరిగించి పూర్తిగా ఆవిరి చేసేంత వేడి అది. ఈ వేడి మొత్తాన్ని పళ్ళెం సైజు బ్రేకు డిస్కుల మీద దింపితే అవి మండిపోతాయి. బ్రేకు నూనెకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం నూనె కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155కు దిగిపోతుంది. నూనె మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే బలం చక్రం దాకా పోతుంది. ఆవిరిని నొక్కితే ఆవిరే కుంచించుకుపోతుంది. పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. అదే లో-రేంజ్ మొదటి గేరులో దిగితే చక్రాలే ఇంజనును బలవంతంగా తిప్పాల్సి వస్తుంది కనక ఆ వేడిలో పెద్ద భాగం ఇంజను, రేడియేటర్ మోసుకుని గాలిలోకి వదిలేస్తాయి. బ్రేకు అప్పుడప్పుడు తాకితే చాలు. అందుకని యాత్రకు ముందు మెకానిక్ దగ్గర చెయ్యించాల్సిన పనుల్లో కొత్త బ్రేకు నూనె మొదటిది.

టైర్ల సంగతి చిన్నది గానీ ముచ్చటైనది. రెండున్నర టన్నులు నాలుగు చక్రాల మీద సమంగా పడితే, 36 పీఎస్ఐ గాలి ఉన్న టైరు ఇంచుమించు 250 చదరపు సెంటీమీటర్ల నేలను తాకుతుంది. గాలి 24కు తగ్గిస్తే దాదాపు 370 అవుతుంది, ఇంచుమించు సగం పెరిగినట్టు. పాదముద్ర ముఖ్యంగా పొడవునా సాగుతుంది. రాయి తగిలితే టైరు దాని చుట్టూ ఒదుగుతుంది, చీలదు, బాట కూడా తక్కువ అరుగుతుంది. అలా గాలి తగ్గించిన టైర్లతో వేగంగా పోకూడదు. తారు రోడ్డెక్కే ముందు మళ్ళీ నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ తప్పనిసరి. ఇంకో సంగతి. కింద నింపిన టైరును 1,700 మీటర్ల ఎత్తున కొలిస్తే ఏమవుతుంది? బయటి గాలి పీడనం తగ్గడం వల్ల మీటరు రెండున్నర పీఎస్ఐకి పైగా ఎక్కువ చూపించాలి. కానీ పైన 15 డిగ్రీలు చల్లగా ఉంటే లోపలి గాలి ముడుచుకుని ఇంచుమించు అంతే తక్కువ చూపించాలి. రెండూ చెల్లుకు చెల్లు. చలి మరీ ఎక్కువైన ఉదయాన మీటరు తక్కువ చూపితే టైరు కారిపోయిందని కంగారు పడనక్కర్లేదు.

నది దాటడం దగ్గర మాత్రం తొందర పనికిరాదు. ఈ దారుల్లో వంతెన లేని చోట్లుంటాయి. ఈ కొండల నుంచి వొన్నంగట్టా నది లోయ వైపు వెళితే మరీను. బండి ఎందుకు కొట్టుకుపోతుందో ఆర్కిమెడీస్ ఏనాడో చెప్పాడు. బండి అడుగుభాగం దాదాపు తొమ్మిది చదరపు మీటర్లు. రెండున్నర టన్నుల నీటిని పక్కకు తోసేస్తే బండి తేలుతుంది. నీరు లోపలికి చొరబడక ముందు అడుగు పలక మీద 28 సెంటీమీటర్ల నీరు ఉంటే చాలు. పూర్తిగా తేలాల్సిన పని కూడా లేదు, చక్రాల మీద భారం సగమైతే పట్టు సగమే. ప్రవాహం తోపు దాని వేగం వర్గంతో పెరుగుతుంది: వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. కాలినడకన దాటలేని నీటిలోకి బండి దింపకండి. దిగాలనుకుంటే ముందు కొన్ని నిమిషాలు ఆగి ఇరుసుపెట్టెను చల్లారనివ్వాలి. వేడిగా ఉన్న పెట్టె చన్నీటిలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని సీళ్ళ సందుల్లోంచి నీటిని పీల్చుకుంటుంది. ఇంజను గాలి పీల్చే గొట్టంలోకి నీరు పోతే అంతకన్నా ఘోరం. సిలిండర్లో గాలి నలుగుతుంది, నీరు నలగదు, లోపలి కడ్డీలు వంగిపోతాయి. పైన వాన పడిందో, మధ్యాహ్నపు ఎండకు మంచు కరిగిందో కింద ఉన్న మీకు కనబడదు. రాత్రి మకాం వేసినప్పుడు నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, పొద్దున చూసుకోండి.

గుడారం దగ్గర

సముద్రమట్టాన 100 డిగ్రీల దగ్గర మరిగే నీరు 1,700 మీటర్ల ఎత్తున 94 డిగ్రీలకే మరిగిపోతుంది. ఎంత మంట పెట్టినా అంతకన్నా వేడెక్కదు. టీకి పరవాలేదు, అన్నం ఆలస్యమవుతుంది, కందిపప్పు మాత్రం మొండికేస్తుంది. మన ఇళ్ళలో ఉండే చిన్న ప్రెషర్ కుక్కర్ ఇలాంటి చోటే అక్కరకొస్తుంది. లోపలి పీడనాన్ని పెంచి నీటిని 100 దాటిస్తుంది, గ్యాసూ మిగులుస్తుంది. ఆ గ్యాసు డబ్బా కొనేటప్పుడు కూడా చూడండి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరికొచ్చేసరికి ఆవిరి కావడం దాదాపు మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటుంది. చలి ఉదయాన రెండూ కలిసిన డబ్బా పనిచేస్తుంది, ఉత్త బ్యూటేన్ డబ్బా మొరాయిస్తుంది. స్టవ్ మొరాయించిందని దాన్ని గుడారంలోకి తీసుకుపోయి వెలిగించవద్దు. బొగ్గుల కుంపటి అంతకంటే వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. నెత్తురులోని హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. నిద్రలో ఉన్నవాళ్ళకు ఏమీ తెలియదు.

మంచి స్లీపింగ్ బ్యాగ్ కొని, కింద పరిచే చాపను నిర్లక్ష్యం చేసేవాళ్ళు ఎక్కువ. బ్యాగ్ వెచ్చదనమంతా దానిలో ఇరుక్కున్న గాలిది. మన బరువు కింద నలిగిన వైపు ఆ గాలి ఉండదు, నేరుగా నేలకు వేడి పోతుంది. డబ్బు రెండింటిలో ఒకదానికే ఉంటే ముందు మంచి చాప కొనండి.

నడక

1892లో విలియం నేస్మిత్ అనే స్కాట్లండ్ కొండలెక్కే ఆయన ఒక సులువైన సూత్రం చెప్పాడు. మూడు మైళ్ళకు ఒక గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకు ఇంకో గంట. మన కొలతల్లో ఐదు కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎక్కుడుకు గంట. విక్టోరియాలో ఎత్తైన మౌంట్ బోగాంగ్ 1,986 మీటర్లు. మౌంటెన్ క్రీక్ నుంచి స్టెయిర్‌కేస్ స్పర్ మీదుగా ఎక్కి దిగితే దాదాపు 16 కిలోమీటర్లు, ఎక్కుడు దాదాపు 1,400 మీటర్లు. సూత్రం ప్రకారం ఐదున్నర గంటలు. నేస్మిత్ గట్టివాడు, విశ్రాంతి లెక్కలో వేసుకోలేదు. పిల్లలతో, వీపున బరువుతో వెళ్ళేవాళ్ళు సగం కలుపుకుని ఎనిమిది గంటలు అనుకోవాలి. హోవిట్ నడకకూ ఇదే కొలత వేసి, పొద్దుగుంకే వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టి, ఎన్నింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలో రాసుకోండి.

ఆ బోగాంగ్ మీదే 1936 ఆగస్టులో క్లీవ్ కోల్ అనే అనుభవజ్ఞుడైన స్కీయర్ ఇద్దరు మిత్రులతో మంచు తుపానులో చిక్కుకున్నాడు. ముందున్నదేదీ కనబడక రోజుల తరబడి మంచులో తవ్వుకున్న గుంటలో తలదాచుకున్నారు. మిత్రులిద్దరూ బతికారు, కోల్ చలికి చనిపోయాడు. ఆయన పేరు మీద మరుసటి ఏడు కట్టిన రాతి గుడిసె ఇప్పటికీ ఆ కొండ మీద ఆశ్రయమిస్తోంది.

చలి చంపే విధానం తెలిస్తే దాన్ని అడ్డుకోవడం కష్టం కాదు. శరీరం లోపలి వేడి 37 నుంచి 35 డిగ్రీల కిందికి దిగితే హైపోథెర్మియా. గాలి ఉన్నచోట తడి బట్ట ఉంటే సున్నాకు పైన పది డిగ్రీల్లో కూడా వస్తుంది. నీరు గాలి కంటే ఇంచుమించు ఇరవై అయిదు రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది, ఆవిరయ్యేటప్పుడు మరికొంత పట్టుకుపోతుంది. నూలు బట్ట, జీన్స్ ప్యాంటు తడిస్తే నీటిని పట్టుకు కూర్చుంటాయి. ఉన్ని అయితే తడిసినా కొంత గాలిని తనలో ఉంచుకుంటుంది. మీతో నడిచే మనిషి మొదట వణుకుతాడు. తరవాత జిప్పు లాగలేకపోతాడు, మాట ముద్దగా వస్తుంది, తూలుతాడు, అడిగితే బాగానే ఉన్నానంటాడు. వణుకు ఆగిపోతే నయమైందని అనుకోవద్దు, ఒళ్ళు వేడి పుట్టించే శక్తి అయిపోయిందని అర్థం. గాలి తగలని చోట కూర్చోబెట్టి, తడి బట్టలు తీసి, కింద చాప వేసి, చుట్టూ పొడి బట్ట కప్పి, స్పృహ బాగుంటే తియ్యటి వేడి పానీయం ఇవ్వాలి. కాళ్ళూ చేతులూ రుద్దకూడదు, మద్యం చుక్క కూడా ఇవ్వకూడదు.

ఇదే చలిలో తరతరాలుగా కాపురం చేస్తున్న ప్రాణులు వేడి లెక్కను మనకంటే ఎంతో నేర్పుగా నడుపుతాయి. 45 గ్రాముల మౌంటెన్ పిగ్మీ పోసమ్ అనే జీవిని 19వ శతాబ్దం చివర శిలాజపు దవడ ఎముకను బట్టి వర్ణించారు, ఎప్పుడో అంతరించిందనుకున్నారు. 1966లో మౌంట్ హోథామ్ మీద ఒక స్కీ క్లబ్ విడిదిలో అది ప్రాణంతో దొరికింది. మంచు దుప్పటి కింద బండల సందుల్లో నెలల తరబడి ఒంటి వేడిని దాదాపు చుట్టూ ఉన్న చలి దాకా దించేసుకుని నిద్రపోతుంది. వసంతంలో లేచాక దాని ముఖ్యాహారం బోగాంగ్ చిమ్మటలు. ఇవి క్వీన్స్‌లాండ్ వంటి చోట్ల నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా రాత్రిళ్ళు ఎగిరి, వేసవి ఎండ తప్పించుకోవడానికి ఈ శిఖరాల గుహల్లో చేరి గోడల మీద పెంకుల్లా ఒకదానిపై ఒకటి అంటుకుని పడుకుంటాయి. ఇవి భూ అయస్కాంత క్షేత్రాన్ని గ్రహిస్తాయని 2018లో, నక్షత్రాలను చూసి దిక్కు తెలుసుకుంటాయని 2025లో శాస్త్రవేత్త ఎరిక్ వారంట్ బృందం నిరూపించింది. ఈ కొండల తొలి ప్రజలు చిమ్మటల కోసం ప్రతి వేసవీ పైకి వచ్చి కూడుకునేవారు. గునైకుర్నై ప్రజల నేలలోని క్లాగ్స్ గుహలో దొరికిన రెండు వేల ఏళ్ళ నాటి నూరుడు రాయి మీద ఆ చిమ్మటల అవశేషాలు బయటపడ్డాయి. 2017 నుంచి వచ్చిన కరువులో చిమ్మటల సంఖ్య ఘోరంగా పడిపోయింది, 2021లో వాటిని అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. నేల మీద పాచిమెత్తల్లాంటి స్ఫాగ్నమ్ బురదలు కనబడితే వాటి మీద కాలు పెట్టకండి. మంచు నీటిని స్పాంజిలా పట్టి ఉంచి నదులకు మెల్లగా వదిలేది అవే.

చివరిగా బయల్దేరే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. మాన్స్‌ఫీల్డ్ దాటాక ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోలేం. 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహానికి సంకేతం పంపే పర్సనల్ లొకేటర్ బీకన్ ఒకటి బృందానికి ఉండాలి. అద్దెకూ దొరుకుతుంది. సొంతదైతే ఆస్ట్రేలియా సముద్ర భద్రతా సంస్థ దగ్గర ఉచితంగా నమోదు చేయించాలి. అది నొక్కినా సాయం రావడానికి గంటలు పట్టవచ్చు, కనక ఒక రాత్రికి సరిపడా బట్ట, తిండి ప్రతి ఒక్కరి వీపునా ఉండాలి. బండి నంబరు, వెళ్ళే బాటల పేర్లు, ఏ రాత్రి ఎక్కడ మకాం, ఏ రోజు ఏ గంట దాటితే అత్యవసర నంబరు 000కు ఫోన్ చెయ్యాలి అన్న వివరాలు ఒక కాగితం మీద రాసి ఊళ్ళో నమ్మకమైన మనిషికి ఇవ్వండి. దారి మార్చుకుంటే ఆ సంగతీ చెప్పండి. తిరిగొచ్చేటప్పుడు సిగ్నల్ అందిన మొదటి చోటే బండి ఆపి ఆ మనిషికి ఫోన్ చెయ్యండి. మీరు మరిచిపోతే మీకోసం వెతకడానికి చీకట్లో కొండెక్కేది పోలీసులు, వాళ్ళతో పాటు మీలాగే ఇల్లూ పిల్లలూ ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు.